ఆపితే లేవని కారులో అరకు ప్రయాణం

విశాఖపట్నం నుంచి అరకు లోయకు రెండు దారులున్నాయి. ఒకటి రైలుదారి; 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దింపడం కోసం కొండలు తొలిచి వేసినది. ఇప్పుడు దానిమీద అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లవచ్చు. రెండవది శృంగవరపుకోట మీదుగా కొండెక్కే ఘాట్ రోడ్డు. రైలు తనకిష్టమైన చోట ఆగుతుంది, కారు మనకిష్టమైన చోట ఆగుతుంది గదా అని మావాళ్లంతా కారే అన్నారు. మా కారు ఆగడానికి ఎప్పుడూ పేచీ పెట్టదు. ఆగిన తరువాత కదలడానికే పెడుతుంది.

అది 1970ల నాటి పెట్రోలు అంబాసిడరు. నాన్నగారు కొన్నది. ఆ కార్ల తయారీయే 2014లో ఆగిపోయింది. రెండు నెలలుగా దానికొక జబ్బు పట్టుకుంది. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే లేస్తుంది. తిరిగి వేడెక్కాక ఆపితే మాత్రం అరగంటదాకా ఉలకదు. ఒక వర్క్‌షాపువారు కార్బురేటరు కడిగారు, ప్లగ్గులు మార్చారు, బిల్లు చేతిలో పెట్టారు. జబ్బు కారుతోపాటే ఇంటికి వచ్చింది.

మా బావమరిది పాత ఇనుము వ్యాపారితో బేరం కుదిర్చాడు. సోమవారం వచ్చి పట్టుకుపోతాడట. ఆ మాట విని అమ్మ, "అయితే ఆదివారం నన్ను అందులో అరకు తీసుకువెళ్లు" అంది. నాన్నగారు ఆమెకు మొదటిసారి అరకు చూపించింది ఈ కారులోనే. ఇక ఎవరు కాదంటారు?

శృంగవరపుకోట దాటగానే కొండలు దగ్గరికి వస్తాయి. అక్కడినుంచి రెండో గేరే గతి. తైడ దగ్గర టీ తాగుదామని ఆగాం. బావమరిది కారులోనే కూర్చుని, తాను రెండు నెలల క్రితం ముచ్చటపడి పెట్టించిన పాటల పెట్టె మోగించాడు. టీలయ్యాయి, తాళం తిప్పితే ఇంజను గిర్రున తిరిగింది గాని అంటుకోలేదు.

"బావా, ఇది ఆవిరి పని" అన్నాడు బావమరిది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై దారికి అడ్డంపడుతుందట. ఆ మాట అబద్ధమేమీ కాదు. ఎత్తు పెరిగేకొద్దీ పెట్రోలు తక్కువ వేడికే మరుగుతుంది; ఘాట్ రోడ్డుమీద మెల్లగా ఎక్కే బండికి గాలీ సరిగా తగలదు. తడిగుడ్డ తెచ్చి పెట్రోలు పంపుకు చుట్టాడు. అరగంటకు కారు లేచింది. ఆ ఘనత గుడ్డకే దక్కింది. గుడ్డ లేకపోయినా అది అరగంటకే లేస్తుందని గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ తరువాత ఆగాలంటే భయం. డముకు దగ్గర లోయంతా పచ్చగా పరుచుకుని ఉంటుంది. పిల్లలు కిటికీలోంచి మెడలు చాచి చూశారు. అమ్మ మాత్రం, "ఇక్కడే మీ నాన్న దింపి చూపించారు" అని మెల్లగా అని ఊరుకుంది. నాకా మాట గుచ్చుకుంది.

అనంతగిరిలో ఆపక తప్పలేదు. చిన్నవాడికి వాంతులు. కాఫీ తోటల మధ్య, ఎత్తయిన సిల్వర్ ఓకు చెట్లమీదికి మిరియాల తీగలు పాకి ఉన్నాయి. వాణ్ణి ఆ నీడలో కూర్చోబెట్టి వచ్చేసరికి పాటలు మోగుతూనే ఉన్నాయి, కారు మళ్లీ మొండికేసింది.

రోడ్డు పక్క జీపులు బాగుచేసే ఒక పెద్దమనిషి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. "ఏటి బాబూ, ఏటయింది?" అని అడిగి, అంతా విన్నాడు. మొదట పెట్రోలు ఎక్కడా కారడంలేదని చూసుకున్నాడు. గాలి ఫిల్టరు విప్పి, యాక్సిలరేటరు తీగ లాగాడు. కార్బురేటరులో పెట్రోలు సన్నగా చిమ్మింది. "పెట్రోలు వస్తంది. ఆవిరి కాదిది." ఫిల్టరు మళ్లీ బిగించి, మమ్మల్ని దూరంగా నిలబెట్టాడు. ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, తన దగ్గరున్న ప్లగ్గు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి తిప్పమన్నాడు. నిప్పురవ్వ పచ్చగా, నీరసంగా మెరిసి ఆరిపోయింది.

అప్పుడు ఇగ్నిషన్ కాయిల్‌మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. తడిగుడ్డ దానిమీద వేసి కొంతసేపు ఆగాడు. మళ్లీ తిప్పితే రవ్వ నీలంగా టప్పుమంది.

"రోగం ఇందులో ఉంది బాబూ" అన్నాడు. కాయిల్ లోపలి సన్నని తీగలమీది పూత పాతబడితే, వేడెక్కినప్పుడు కరెంటు లోపలే జారిపోతుంది. బండి నడిచినంతసేపూ ఫ్యాను గాలి తగులుతుంది. ఆపగానే ఆ గాలి పోయి, ఇంజను వేడంతా పైకి కమ్ముతుంది. పైగా స్టార్టరు తిరిగేటప్పుడు బ్యాటరీ బలమంతా అదే లాగేస్తుంది. ఉన్న కాస్త నిప్పూ చాలదు.

ఇంతలో ఆయన చెవి పాటలవైపు తిరిగింది. "ఇంజను ఆపీసినాక కూడా తాళం తిప్పే ఉంచుతారేటి?"

ఆ పెట్టెకు తాళం తిప్పితేగాని కరెంటు రాదు. తాళం తిప్పి ఉంచి, లోపలి పాయింట్లు కలిసి ఉన్నచోట ఇంజను ఆగిందంటే, కాయిల్‌లోకి కరెంటు పారుతూనే ఉంటుంది. రెండు నెలలుగా ప్రతి పాటకూ కాయిల్ ఉడుకుతోందన్నమాట! బావమరిది చెట్లమీది మిరియాల తీగలను శ్రద్ధగా పరిశీలించసాగాడు.

జీపునుంచి తీసిన మంచి కాయిల్ ఒకటి బిగించి, ఆ పెట్టెకు ఫ్యూజుతో వేరే తీగ లాగి, పెద్దమనిషి ఐదువందలు తీసుకున్నాడు. అమ్మ ఆయనకు మా పులిహోర పెట్టించింది.

గాలికొండ దగ్గర, "ఆపు" అంది అమ్మ. ఆపాను. తాళం కూడా తీసేశాను. అందరం దిగాం. పేరుకు తగ్గట్టే గాలి చీరకొంగులు నిలవనివ్వడంలేదు. కింద కొండలు ఒకదాని వెనుక ఒకటి నీలంగా తేలుతున్నాయి. అమ్మ ఒక రాయిమీద కూర్చుని తీరిగ్గా చూసింది. ఇరవై నిముషాలు పైనే అయింది. ఎవరూ తొందరపెట్టలేదు, కాని అందరి చూపూ మధ్యమధ్య కారుమీదికే పోతోంది.

ఎక్కి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"అబ్బాయ్, సోమవారం ఆ ఇనుము వ్యాపారి వస్తే కాఫీ ఇచ్చి పంపించు" అంది అమ్మ బావమరిదితో.

సుంకరిమెట్ట దగ్గర మళ్లీ ఆపి, అరకిలో కాఫీ గింజలు ఆయనచేతనే కొనిపించింది.