స్వల్పవ్యయముతో స్వరాజ్ ద్వీపయాత్ర

ద్వీపవిహారము ధనవంతులకే గాని మనబోంట్లకు గాదని పలువురు తలంతురు. గత మార్గశిరమున మే మక్కచెల్లెండ్ర మిరువురము అండమానులందలి స్వరాజ్ ద్వీపమునకు బోయి వచ్చితిమి. మాలో పెద్దామె పదునాలుగేండ్లు మంచము పట్టిన అత్తగారికి సేవ చేసినది. ఆమె గతించిన పిదపను వంటయింటి గడప దాటి యెఱుగదు. "మగతోడు లేక సముద్రము మీదికా?" యని యింట నందఱును వారించిరి. "నా సంచి నేనే మోసికొందును" అని యామె పట్టుపట్టెను.

ఒక్కొక్కరి వీపున నొక్క సంచి. అందు రెండు నూలుచీరలు, తువ్వాలు, అటుకులు, కారప్పొడి. ఓడలు అరుదగుటచే చెన్నపురినుండి విమానమున పోర్టుబ్లేరు చేరితిమి. 2024లో దీనికి శ్రీ విజయపురమని పేరు మార్చిరి. అచట తెలుగువారు పెక్కుమంది గలరు గాన త్రోవ యడుగుటకు జంకవలసిన పని లేదు. అచటినుండి ద్వీపమునకు ప్రభుత్వపు ఓడలో టిక్కెట్టు మిక్కిలి చవుక. అయితే చోట్లు త్వరగా నిండును, ముందుగా కొనవలెను.

2018 వరకు ఈ ద్వీపమునకు హేవ్‌లాక్ అని పేరు. దేశవిభజనానంతరము తూర్పుబెంగాలునుండి వచ్చిన కాందిశీకులకు 1950 తరువాత నిచట భూము లిచ్చిరి. గోవిందనగరము, శ్యామనగరము, రాధానగరము మొదలగు గ్రామములు వారివే. మే మొక బెంగాలీ గృహిణి యద్దెకిచ్చు గదిలో దిగితిమి. భాష తెలియకున్నను ఆమె మాకు అరటిపువ్వు కూర నేర్పెను. మేము కారప్పొడి పంచితిమి.

దేశమంతటికి గడియార మొక్కటే; ఆ దీవులు తూర్పున నుండుటచే చలికాలమున అయిదు గంటల ప్రాంతముననే ప్రొద్దు గ్రుంకును. కావున మధ్యాహ్న భోజనము కాగానే బస్సెక్కి రాధానగరపు తీరము చేరితిమి. తెల్లని యిసుక, వెనుక మహావృక్షములు. పెద్దామె మోకాలిలోతు నీట చాలసేపు మాటలేక నిలిచి, "నన్నెవరును పిలువని చోటికి ఇన్నాళ్లకు వచ్చితిని" అనెను. మేము మఱి మాటాడలేదు.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరి తెచ్చుట చట్టవిరుద్ధము. పిల్లలకై యైనను తేరాదు. మేము తెచ్చినది కూరవిధాన మొక్కటే. ఇపుడు పెద్దామె పోపులడబ్బా ప్రక్క మఱియొక డబ్బా వెలసినది. పాలలెక్కలో మిగిలిన చిల్లర యందు పడుచున్నది. వారించినవారిలో నొకరు మొన్న, "ఎంత పోగైనది?" అని యడిగిరి.