మా గోడకెక్కిన సినిమా

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. పెళ్ళిళ్ళ పేరయ్యలు ఆ మాట మరిచిపోయారేమో గానీ, చవక ప్రొజెక్టర్లు అమ్మేవాళ్ళు మాత్రం మహా భక్తిగా పాటిస్తున్నారు. అట్టపెట్టె మీద ‘9000 ల్యూమెన్లు’ అని ఉంటుంది. అబ్బాయి ఆరడుగుల పొడవన్నట్టు! ‘4కె సపోర్టు’ అని ఉంటుంది. అబ్బాయికి అమెరికా యోగం ఉందన్నట్టు! వెళ్ళాడా అని అడిగితే మాత్రం, “యోగం ఉందన్నాం గానీ వెళ్ళాడన్నామా?” అంటారు. ‘200 అంగుళాల బొమ్మ’ అని ఉంటుంది. 200 అంగుళాలంటే పధ్నాలుగున్నర అడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. అంత గోడ మనలాంటివాళ్ళ హాలులో ఎక్కడిది, కల్యాణ మండపంలో తప్ప!

ఆర్ట్సు చదువుకుని, నవలలు రాసుకునే ఈవిడకు ఈ లెక్కలతో పనేమిటంటారా? అవసరం అలా వచ్చింది మరి.

మా ఇంట్లో ప్రొజెక్టరు మాట మొదట ఎత్తింది మా అబ్బాయి. గోడంత బొమ్మలో క్రికెట్టు ఆట ఆడాలని వాడి కోరిక. “43 అంగుళాల టీవీ ఉండగా గోడెందుకురా?” అన్నారు మావారు పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆ మాట అక్కడితో ఆగిపోవలసిందే. మా అత్తగారి వల్ల ఆగలేదు.

అత్తమ్మకు 78 ఏళ్ళు. రెండేళ్ళుగా టీవీ ముందు కూర్చోవడం మానేసింది. సాయంత్రం మేమంతా హాలులో ఉంటే తాను వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చునేది. రమ్మంటే, “ఏముందిలేమ్మా దాంట్లో, అంతా అరుపులే గదా!” అనేది. కంటి డాక్టరు పరీక్ష చేశాక తెలిసింది అసలు సంగతి. కంటి వెనక ఉండే రెటీనా పొర మధ్యభాగం వయసుతో అరిగిపోతోందట. మాక్యులర్ డీజెనరేషన్ అంటారు దాన్ని. చుట్టుపక్కల చూపు ఉంటుంది. సూటిగా చూసినచోటే మసక. గడప కనిపిస్తుంది, గోడ కనిపిస్తుంది, మనిషి వచ్చినట్టు తెలుస్తుంది. మొహమే తెలియదు! ఆవిడకు వచ్చిన రకంలో పోయిన చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. “దగ్గరగా కూర్చోండి. లేదా బొమ్మ పెద్దది చేసుకోండి. వెలుగు మాత్రం బాగా ఉండాలి” అని చెప్పి పంపించాడు.

ఆటోలో వస్తుంటే అప్పుడు బయటపెట్టింది అత్తమ్మ. “టీవీకి మూరెడు దూరంలో కూసుంటేనే నాకు కనబడతాది. నేనట్ల కూసుంటే మీకందరికీ అడ్డం గదా!”

ఆ పూట నుంచీ మా ఇంట్లో ప్రొజెక్టరు పిల్లవాడి ఆటవస్తువు కాకుండా పోయింది.

సరే, కొనాలంటే ఏది కొనాలి? 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అంతమాత్రాన మనకు పప్పుదినుసులంత చవకైపోలేదు. నేను విచారించినంతలో మూడు రకాలు తేలాయి. ఏడెనిమిది వేలకు వచ్చే చిన్న డబ్బాలు. పదిహేను నుంచి ఇరవై వేల దాకా పలికే మధ్యరకం. అరవై వేలూ ఆపైన పెద్ద కంపెనీలవి. మూడూ చూసి గానీ కొనకూడదనుకున్నాను. చూడడానికి వెళ్ళినచోటికల్లా అత్తమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను.

మొదటిది మా ఎదురింటి పిల్లలది. పాలడబ్బాలాగా ముద్దుగా ఉంది. అట్టపెట్టె మీద వేలకు వేలు ల్యూమెన్లు. లోపలి పుస్తకంలో చిన్న అక్షరాల్లో ‘200 యాన్సీ’ అని ఉంది. ఈ యాన్సీ అన్నదొక్కటే నమ్మదగ్గ లెక్క. తెరను ముగ్గు గళ్ళలాగా తొమ్మిది సమాన భాగాలు చేసి, ఒక్కొక్క గడిలో పడే వెలుగును కొలిచి, సగటు తీసి కట్టే లెక్క అది. తక్కిన వేలన్నీ పేరయ్య చెప్పిన ఎత్తులే. ఆ డబ్బాలో చుక్కలు కూడా అడ్డంగా 1280, నిలువుగా 720. అంటే తొమ్మిది లక్షల పైచిలుకు. 1920, 1080 ఉన్నదాంట్లో ఇరవై లక్షల పైచిలుకు ఉంటాయి. ‘4కె సపోర్టు’ అంటే 4కె సినిమా ఇస్తే తీసుకుంటుంది, చూపించడం మాత్రం తనకున్న చుక్కలతోనే చూపిస్తుంది. అందుకే ‘నేటివ్’ ఎంత అని అడగాలి.

ఆ రాత్రి 100 అంగుళాల బొమ్మ వేశారు. పిల్లలు ఈలలు వేశారు. అత్తమ్మ కాసేపు చూసి, “ఎన్నెల్లో సినిమా చూసినట్ల ఉండాది” అంది. అంతకంటే మర్యాదగా ‘మసక’ అని ఇంకెవరూ చెప్పలేరు.

రెండోది చిత్తూరులో మా అన్న ఇంట్లో ఉంది. డెబ్భై కిలోమీటర్లు బస్సులో వెళ్ళాం. డీఎల్పీ అంటారు దాన్ని. లోపల గోరంత చిప్పు మీద లక్షల అద్దాలుంటాయి. ఒక్కొక్క అద్దం అటూ ఇటూ ఒరుగుతూ వెలుగును తెర మీదికి పంపుతుంది, లేదా పక్కకు తప్పిస్తుంది. 1987లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ అనే ఆయన కనిపెట్టాడు. దీని వెలుగు 3000 పైచిలుకు యాన్సీ! హాలులో లైటు వేసినా మొహాలు తెలుస్తున్నాయి. ఆటకు కూడా అదే మేలని మావాడు తీర్పు చెప్పాడు. నాకు మాత్రం చూపు పక్కకు తిప్పినప్పుడల్లా ఇంద్రధనుస్సు ముక్కలు తళుక్కుమన్నాయి. రంగులను చక్రం తిప్పి ఒకదాని వెనక ఒకటి వేస్తుందట. ఆ తళుకులు కొందరికే కనిపిస్తాయట. మావారికి కనబడలేదు. ఆయనకు కనిపించింది ధర! పైగా దీని దీపం కొన్నివేల గంటలకు మార్చాలి. అదొక ఖర్చు. అన్న పెట్టిన భోజనం తిని, బొమ్మ బాగుందని చెప్పి, తిరుపతి బస్సెక్కాం.

మూడోది గాంధీ రోడ్డు దగ్గర ఒక అంగట్లో. ఎల్ఈడీ దీపం, 1080 చుక్కలు, 500 యాన్సీ. అంగడి కుర్రవాడు 120 అంగుళాల బొమ్మ వేసి రామచిలకలు, రంగు చేపలు, పూలతోటలు చూపించాడు. అవన్నీ ఎలాంటి ప్రొజెక్టరులోనైనా మెరిసేలా తీసినవే. ముస్తాబు చేసి కూర్చోబెట్టిన పెళ్ళికూతుర్ని చూసినట్టు! “1957 నాటి ‘మాయాబజార్’ వెయ్యి నాయనా, రంగులు వేసింది కాదు, నలుపు తెలుపుది” అన్నాను. నన్ను వింతగా చూశాడు. కానీ అక్కడే ఉంది కిటుకు. ఏ ప్రొజెక్టరూ నలుపును గోడ మీద వెయ్యలేదు. వెలుగును వెయ్యగలదు, లేదా వెయ్యకుండా ఊరుకోగలదు, అంతే. నలుపంటే మన గదిలో ఉన్న చీకటే. కిటికీ తెర వెయ్యకపోతే నలుపు కాస్తా బూడిదరంగు అవుతుంది. పాత సినిమా వేస్తే ఆ బండారం ఇట్టే బయటపడుతుంది.

120 అంగుళాల్లో ఘటోత్కచుడు గోడంతా నిండుకున్నాడు. అత్తమ్మ అలాగే చూస్తూ కూర్చుంది. “ఎవురో పెద్దోడే గానీ ఎవురో తెలీలా” అంది.

నాకు గుండె జారిపోయింది. ఇంత పెద్ద బొమ్మ కూడా తెలియకపోతే ఇంకేం చేసేది? అప్పుడే చపాతీ గుర్తుకొచ్చింది. ఒకే ముద్ద పిండి. చిన్నదిగా వత్తితే మందంగా ఉంటుంది, పెద్దదిగా వత్తితే పల్చనవుతుంది. వెలుగూ అంతే గదా! ఒక ల్యూమెనూ పెరగదు, పరుచుకుంటుంది అంతే. బొమ్మ కొలత రెండింతలైతే వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది. సినిమా హాలు తెర పాటి వెలుగు రావాలంటే, చీకటి గదిలో మామూలు తెల్లతెర మీద 100 అంగుళాల బొమ్మకు 400 పైచిలుకు యాన్సీ కావాలి. 80 అంగుళాలకైతే 270 చాలు. ఎదురింటి డబ్బా 200తో 100 అంగుళాలు వేస్తే వెన్నెల కాక మరేమిటి?

“బొమ్మ చిన్నది చెయ్యి నాయనా” అన్నాను. “చిన్నదా మేడమ్?” అన్నాడు కుర్రవాడు. ప్రొజెక్టరు కొనడానికి వచ్చి బొమ్మ చిన్నది చెయ్యమన్నది నేనొక్కదాన్నే అయివుంటాను. స్టాండు ముందుకు జరిపి 80 అంగుళాలకు తెచ్చాడు. వెలుగు రెండింతలు దాటింది. అత్తమ్మ కుర్చీని కూడా ముందుకు జరిపాను.

ఆవిడ ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, “రంగారావు!” అంది. ఎస్వీ రంగారావే! “మీసం గూడా కనబడతా ఉండాదిమే!” అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ సినిమాలో ప్రియదర్శిని పెట్టె ఉంటుంది చూడండి, మూత తీస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. ఆ రోజు అంగట్లో మావాడికి ఆట కనిపించింది, మావారికి పద్దెనిమిది వేలు కనిపించాయి. నాకు రెండేళ్ళుగా గడప దగ్గర కూర్చున్న మనిషి కనిపించింది.

మావాడి పరీక్ష ఇంకా మిగిలే ఉంది. ఆటలో బటను నొక్కాక బొమ్మ కదలడానికి పట్టే జాగును ఇన్‌పుట్ లాగ్ అంటారు. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కొక్కటి 17 మిల్లీసెకన్లు. జాగు 100 దాటితే ఆరు బొమ్మలు వెనకబడ్డట్టు. బంతి వికెట్టుకు తగిలాక బ్యాటు లేస్తుంది! వాడు ల్యాప్‌టాపును తీగతో కలిపి, రెండుచోట్లా ఒకే స్టాప్‌వాచ్ నడిపి, రెండూ పడేలా ఫోనుతో ఫోటో తీశాడు. రెండు అంకెలకూ తేడాయే జాగు. మొదట 90 దాకా వచ్చింది. వంకరను సరిదిద్దే కీస్టోన్ తీసేసి, గేమ్ మోడ్ పెడితే 40కి దిగింది. పందేలు కాసి ఆడేవాళ్ళకు చాలదేమో గానీ, అన్నం మీద నుంచి లేచి ఆడేవాళ్ళకు చాలు. స్పీకరు కూడా తీగతోనే కలపాలన్నాడు. బ్లూటూత్ అయితే చప్పుడు వెనకబడుతుందట.

ఇంటికి తెచ్చాక మరో చిక్కు. మా హాలు గోడకు లేత పసుపు డిస్టెంపరు. సావిత్రికి కామెర్లు వచ్చినట్టు కనిపించింది! మెరుపులేని తెల్లరంగు డబ్బా తెచ్చి అంత మేరకు పూయించాం. ఇక అత్తమ్మ ముందు కూర్చుంటే వెనకవాళ్ళకు అడ్డం రాకూడదు, ఆవిడ నీడ గోడ మీద పడకూడదు. దీనికి ఉపాయం ఏ కంపెనీ పుస్తకంలోనూ దొరకలేదు. పాకాల దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి టూరింగ్ టాకీసులో దొరికింది. అక్కడ నేల టికెట్టువాళ్ళు తెర ముందే ఇసకలో కూర్చునేవాళ్ళు. ఎవరికీ అడ్డం వచ్చేవాళ్ళు కాదు, ఎందుకంటే తెర ఎత్తుగా ఉండేది! మేమూ బొమ్మ అడుగంచు నేలకు నాలుగడుగుల ఎత్తున ఉండేలా చూసుకున్నాం. ప్రొజెక్టరును బొమ్మ నడిమి ఎత్తుకే, గోడకు ఏడడుగుల పైచిలుకు దూరంలో, కప్పు నుంచి కడ్డీకి వేలాడదీశాం. వంకర లేదు గనక కీస్టోన్‌తో పనే లేదు.

ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలి. పగటిపూట ఈ ప్రొజెక్టరు టీవీకి సాటి రాదు. కిటికీలోంచి తిరుపతి ఎండ పడితే బొమ్మ వెలవెలబోతుంది. వార్తలకు, బ్రహ్మోత్సవాల ప్రసారాలకు టీవీ ఉండాల్సిందే. దీపం 20,000 గంటలు పనిచేస్తుందంటారు. రోజుకు రెండు గంటలేస్తే ఇరవై ఏడేళ్ళు! అంతకంటే ముందే దుమ్ముకో వేడికో లోపలి ఫ్యానో మరొకటో పోతుంది. అందుకని దుమ్ము చొరబడకుండా మూసిన కటకం పెట్టె ఉందా, మన ఊళ్ళో బాగుచేసేవాళ్ళున్నారా అని అడిగి కొనడం మంచిది.

మీరూ కొనాలనుకుంటే నేను చెప్పేది ఒక్కటే. అట్టపెట్టె మీది అంకెలతో అట్టపెట్టె మీది అంకెలను పోల్చకండి. ఇంట్లో అందరికంటే చూపు తక్కువైన మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళండి. అంగట్లో ఆవిడకొక కుర్చీ అడగండి. ఆవిడకు మొహం తెలిసిన కొలతే మీ ఇంటి కొలత. గోడ ఇంకా ఎంత మిగిలిపోయినా సరే!

ఇప్పుడు మా ఇంట్లో రోజుకు రెండు ఆటలు. ఏడు గంటలకు ఫస్టు షో అవ్వది, తొమ్మిదిన్నరకు సెకండు షో మనవడిది. ఫస్టు షోకు వీధిలోని అవ్వలంతా చాపలు చంకన పెట్టుకుని వస్తున్నారు. మొన్న సినిమా మధ్యలో మావారు మంచినీళ్ళ కోసం లేచి గోడ ముందు నుంచి నడిచారు. ఆయన నీడ ఘటోత్కచుడి మీద పడింది.

“ఎవుర్రా అది, అడ్డం తప్పుకో!” అని కేకేసింది అత్తమ్మ, నేల టికెట్టులోంచి.