విహారం ఎవరి కోసం?

సెలవులు దగ్గరపడుతున్నాయంటే మా మదరసాకు వచ్చే ప్రశ్నల తీరు మారుతుంది. జకాతు గురించి, వారసత్వం గురించి అడిగేవారి మధ్య ఒకరిద్దరు యువకులు నిలబడి, కాస్త సంకోచిస్తూ, "మౌలానా, పిల్లలను వాటర్ పార్కుకు తీసుకువెళ్లవచ్చునా?" అని అడుగుతారు. మేము వెంటనే జవాబు చెప్పము. "పిల్లల వయస్సెంత?" అని తిరిగి అడుగుతాము. ధర్మసమ్మతమా కాదా చెప్పమంటే వయస్సు అడుగుతున్నారేమిటని వారు మా వంక వింతగా చూస్తారు.

మా బాల్యంలో ఈ ప్రశ్నే లేదు. సెలవులంటే నానీ ఇల్లు. నందిగామ వైపు వారికి మునేరు, జగ్గయ్యపేట వైపు వారికి పాలేరు. ఆ ఇసుకలో ఆడుకోవటమే విహారం. నేడు మా మెట్ట ప్రాంతంలో మిరప కోతలకు పోయేవారి ఇంట్లోనూ, సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవారి ఇంట్లోనూ ఫోను ఉంది. అందులో నీటి జారుడుబండలు, ఆకాశంలో తిరిగే చక్రాలు పిల్లలకు రోజూ కనిపిస్తాయి. పైగా హైదరాబాదు, విజయవాడలను కలిపే 65వ నంబరు జాతీయ రహదారి మా రెండు ఊళ్ల పక్కనుండే పోతుంది. చిల్లకల్లు టోల్‌గేటు దాటితే ఇక అడ్డమేముంది అన్నది పిల్లల వాదం.

వినోదం ఇస్లాంలో నిషిద్ధం కాదు. నమాజు తప్పరాదు, సతర్ విషయంలో అజాగ్రత్త కూడదు, అప్పు చేసి పోరాదు, ప్రాణానికి ముప్పు ఉండరాదు. ఈ నాలుగు మాటలతో కితాబుల పని దాదాపు ముగుస్తుంది. తల్లిదండ్రుల అసలు చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. వెళ్లటం సమ్మతమే, కానీ ఎక్కడికి?

మా ప్రాంతం నుండి హైదరాబాదు దిశగా బయలుదేరినవారికి రెండు పేర్లు ముందుగా వినిపిస్తాయి. మొదటిది రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో వెలిసింది. 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోకెల్లా పెద్ద చిత్రనిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. నగరంలోకి ప్రవేశించకముందే, ఇదే రహదారి పక్కన తగులుతుంది. కనుక మా వారికి ఇదే సులువు. బస్సులో కూర్చోబెట్టి తిప్పుతారు. తోటలు, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల వనం, చిన్నపిల్లల ఆటస్థలం ఉన్నాయి. పాటల, నృత్యాల ప్రదర్శనలూ ఉంటాయి. వాటికి దూరంగా ఉండదలచినవారు ఆ సమయాన్ని పక్షుల దగ్గర గడపవచ్చు. అయితే ఎక్కి దిగి, ఎక్కి దిగి సాగే రోజు అది. మధ్యాహ్నం నిద్రపోయే బిడ్డ ఉన్న తల్లికి ఈ సంగతి ముందే తెలియాలి.

రెండవది వండర్‌లా. కేరళకు చెందిన ఈ సంస్థ 2000లో కొచ్చిలో, 2005లో బెంగళూరులో, 2016లో హైదరాబాదు దగ్గర రావిర్యాలలో పార్కులు తెరిచింది. పెద్ద అంబర్‌పేట వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎక్కి శంషాబాదు దిక్కుగా సాగితే వస్తుంది. అక్కడ టికెట్టుకు వయస్సు కాదు, ఎత్తు ప్రమాణం. 85 సెంటీమీటర్ల లోపు బిడ్డకు టికెట్టు లేదు. 140 సెంటీమీటర్ల లోపు పిల్లలకు తగ్గింపు టికెట్టు. కానీ ఒళ్లు గగుర్పొడిచే పెద్ద ఆటలు ఎక్కాలంటే ఆ 140 దాటి ఉండాలి. నీటి ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాను దుస్తులు ధరించాలి. ఒళ్లంతా కప్పే నైలాను దుస్తులు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. పరదా పాటించే స్త్రీలు అటువంటివి కొని, వాటికి అనుమతి ఉన్నదీ లేనిదీ ఫోను చేసి కనుక్కొని మరీ బయలుదేరటం మంచిది. బయటి భోజనం లోపలికి రానివ్వరు. అన్నం గిన్నెలు కట్టుకొని పోయే అలవాటు ఉన్న మనకు ఇది చిన్న విషయం కాదు.

ఆటల ముందు నిలబెట్టిన ఆ కొలతకర్రను మేము తప్పుపట్టము. అది పిల్లవాడికి రక్షణ. కానీ ఆ కర్ర చెప్పే మాటను అక్కడికి పోయి వినటం వేరు, ఇంట్లోనే వినటం వేరు.

మా అన్నగారి అబ్బాయి దమ్మాంలో పని చేస్తాడు. గత సంక్రాంతి వేళకు, రెండేళ్ల తరువాత, నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. వాడికి తొమ్మిదేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు. కొడుకు వచ్చిన రోజు నుండే తండ్రి మెడకు చుట్టుకున్నాడు. కూతురు మాత్రం దగ్గరకు రాలేదు. ఫోనులో కనిపించే అబ్బాకు రోజూ సలాం చెప్పిన పిల్ల, ఎదుట నిలబడ్డ అబ్బాను చూసి తల్లి ఓఢ్నీ చాటుకు పోయేది. చాక్లెట్లు తీసుకునేది, చేయి మాత్రం ఇచ్చేది కాదు. వాడు పైకి నవ్వేవాడు. పది రోజులు గడిచాక, "చచా, పిల్లలను వండర్‌లాకు తీసుకువెళతాను. ఖర్చు ఎంతైనా సరే" అన్నాడు. ఆ 'ఎంతైనా సరే' అన్న మాటలో ఏముందో మాకు అర్థమైంది. గల్ఫు నుండి వచ్చే తండ్రులను మేము చాలా కాలంగా చూస్తున్నాము. రెండేళ్ల లోటును ఒక్కరోజులో తీర్చాలని వారి ఆరాటం.

మేము కాదనలేదు. దర్జీ టేపు తెప్పించి, పిల్లలిద్దరినీ గోడకు ఆనించి నిలబెట్టాము. పిల్లవాడు 128 సెంటీమీటర్లు. పాప 97. అన్నగారి భార్య, అంటే మా వదినగారు, మోకాళ్ల నొప్పితో మెట్లే ఎక్కలేరు. మిగిలింది కోడలు. "బేటీ, నీ మాటేమిటి?" అని అడిగాము. అంతవరకు ఆ ఇంట్లో ఆమెను ఎవరూ అడగలేదు.

"ఎక్కడికైనా సరే చచా. నేను నీళ్లలోకి దిగలేను, పాపను వదలి రాలేను. మీరంతా వచ్చేదాకా అమ్మీతో పాటు ఎక్కడో నీడన కూర్చుంటాను. ఆయన రాక రాక వచ్చారు, ఆయన సంతోషమే ముఖ్యం" అన్నది.

మా వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. వెళ్లేది ఐదుగురు. పెద్ద ఆటలన్నీ ఎక్కగలిగేది తానొక్కడే. కొడుకుకు సగం ఆటలు. పాప కోసం చిన్న ఆటలు కొన్ని ఉన్నాయి, కానీ ఎవరి దగ్గరకు పోని పిల్ల తల్లి ఒడి దిగదు. అంటే ముగ్గురు పొద్దంతా బెంచీ మీద.

బెంచీ అంటే ఒక విషయం చెప్పాలి. ఇటువంటి పార్కులన్నిటికీ పెద్దన్న వంటిది అమెరికాలోని డిస్నీలాండ్. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో తెరిచారు. దానిని కట్టిన వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజిలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చొని వేరుశనగలు నములుతూ ఉండేవాడట. పిల్లలు ఆడుతుంటే పెద్దలు ఊరక కూర్చోవలసిన గతి ఏమిటి, తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఆనందించే చోటు ఉండరాదా అన్న ఆలోచన అక్కడే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఆలోచన మంచిదే. మరి డెబ్బై ఏళ్ల తరువాత కూడా మన ఇళ్లలో బెంచీ మీద సంచులకు కాపలాగా ఒకరు మిగిలిపోతూనే ఉన్నారు. ఆమె ఎవరో పాఠకులకు మేము చెప్పనవసరం లేదు.

చివరకు హైదరాబాదే, కానీ జూపార్కు అని నిశ్చయమైంది. కొడుకు అలిగాడు. ఆ అలకను మేము తేలికగా తీసుకోలేదు. వాడికి వేరే మాట ఇవ్వవలసి వచ్చింది.

ప్రయాణం గురించి ఒక మాట. సంక్రాంతికి ముందు నగరమంతా ఆంధ్ర వైపు కదలివస్తుంది. టోల్‌గేట్ల వద్ద కార్లు బారులు తీరుతాయి. మేము వారికి ఎదురుగా, నగరం వైపు పోయాము కనుక మా దారి ఖాళీ. పండుగ అయిపోయాక ఇదే తిరగబడుతుంది. అందుచేత పండుగ నాడే తిరిగి వచ్చాము. సూర్యాపేటలో దిగి, అలసటలు తీర్చుకొని నమాజు చేసుకున్నాము. హనఫీ లెక్క ప్రకారం 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లు మించిన ప్రయాణం కనుక ఖస్ర్ వర్తిస్తుంది. చిన్నపిల్లలతో పోయే తల్లులకు ఈ సౌలభ్యం ఎంత మేలో, పుస్తకంలో చదివినప్పటికంటే దారిలో బాగా తెలుస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం. గంట గంటకు గడియారంలోంచి ఒక బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టి పోతుంది. దానికోసం పిల్లలతోపాటు మా వదినగారూ కుర్చీలో కూర్చొని ఎదురుచూశారు. మ్యూజియానికి శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు. దూరం నుండి పోయేవారు ఇది గుర్తుంచుకోవాలి.

బుధవారం జూపార్కు. 1963 అక్టోబరు 6న ప్రజల కోసం తెరిచిన ఈ పార్కు, మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలలో ఉంది. నడవలేనివారికి బ్యాటరీ బండ్లు ఉన్నాయి. చుట్టుపక్కల మసీదులకు కొదవ లేదు. జనవరి ఎండ గనుక బురఖాలో ఉన్నవారికీ హాయిగానే ఉన్నది. మే నెలలో అయితే మేమే వద్దనేవారము.

నీటిఏనుగు దగ్గర జనం గుమిగూడారు. అది నీటిలో మునిగి ఉంది, వీపు మాత్రమే కనిపిస్తున్నది. ముందు నిలబడ్డవారి వెనుక 97 సెంటీమీటర్ల పాపకు ఏమీ కనబడదు. తల్లి ఎత్తుకున్నది, చాలలేదు. పాప అటు చూసింది, ఇటు చూసింది. అక్కడ ఉన్నవారిలో అందరికంటే పొడగరి ఆమె తండ్రే. పిల్ల రెండు చేతులూ వాడి వైపు చాచింది. వాడు భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. నీటిఏనుగు తల ఎత్తి నోరు తెరిచింది. పాప వాడి జుట్టు గట్టిగా పట్టుకొని, "అబ్బా, దేఖో!" అని కేక పెట్టింది. ఆ తరువాత పులి వద్దా, ఎలుగు వద్దా దిగలేదు. మా వాడి మెడ పట్టేసింది, అయినా దించలేదు.

నీటిఏనుగు దగ్గర మేము చాలాసేపే నిలబడ్డాము. త్వరగా కదలండి అని మా నోటిదాకా వచ్చింది. అంతలో హజ్రత్ ఆయిషా (రజి) గారి ఉల్లేఖనం గుర్తుకొచ్చింది. పండుగ నాడు హబషీలు మసీదులో ఈటెలతో ఆట ఆడుతుంటే, దైవప్రవక్త (స) ఆమెను తన దుప్పటి చాటున నిలబెట్టుకొని చూపించారు. ఆమెకు విసుగు పుట్టేవరకు ఆయన కదలలేదు. చిన్న వయసు ఆడపిల్ల ఆట చూడటానికి ఎంతసేపు ఇష్టపడుతుందో మీరే ఊహించుకోండని ఆమె తరువాత చెప్పారు. ఈ హదీసును మేము ఏటా పాఠంగా చెబుతాము. చూపించేవాడు తన తీరికను కాక, చూసేవారి తనివిని కొలతగా పెట్టుకున్నాడన్న సంగతి మాకు ఆ రోజు మరింత ఇష్టంగా తోచింది.

హైదరాబాదు దాకా పోలేనివారు చాలామంది ఉన్నారు. రెండు రోజుల కూలి, బండి అద్దె, టికెట్లు కలిస్తే అది ఒక నెల సరుకుల ఖర్చు. ధరలు మారుతుంటాయి గనుక ఇక్కడ అంకెలు రాయము. వారికి మేము చెప్పేది కొండపల్లి. నందిగామ నుండి విజయవాడ పోయే దారిలో, ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకు తిరిగితే చాలు. రెడ్డిరాజులు, గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు ఒకరి తరువాత ఒకరు ఏలిన కోట కొండమీద ఉంది. కొండ కింద తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. కర్ర ముక్క బొమ్మగా మారటాన్ని పిల్లలు కళ్లారా చూడవచ్చు. అక్కడి నుండి విజయవాడ చేరితే, కృష్ణలో వరద లేని రోజుల్లో పడవ ఎక్కి భవానీ ద్వీపానికి పోవచ్చు. అన్నం గిన్నె వెంట తీసుకుపోవచ్చు. నాలుగేళ్ల బిడ్డకు పడవ ప్రయాణమే పెద్ద వింత. తీరం కదిలిపోతున్నదని అనుకుంటుంది.

ఇక అలిగిన పిల్లవాడి సంగతి. 140 సెంటీమీటర్లు వచ్చిన ఏడాది తండ్రి సెలవు మీద వచ్చినప్పుడు, వాళ్లిద్దరే వండర్‌లాకు పోవాలని ఒప్పందం. ఆ రోజు తల్లి, చెల్లి ఎక్కడికి పోవాలో వాళ్లు ఎంచుకుంటారు. మా వాడు తిరిగి దమ్మాం వెళ్లిపోయాడు. పిల్లవాడు మాత్రం ప్రతి జుమా నాడు నమాజు కాగానే మా ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, గోడకు ఆనుకొని నిలబడి, "దాదా, టేపు తీయండి" అంటాడు. మొన్నటికి 131. మడమలు లేపుతున్నాడేమోనని మేము వంగి చూస్తాము.