ఈ ఏడు మా కుండ

నాయనమ్మ కాలం నుంచీ మా ఇంట్లో ఇప్పసారా కాస్తున్నాం. వేల్పుకు ధార పోయనిదే మాకు భూమి పండుగ లేదు. పోయిన వేసవిలో మా బడి పిల్లవాడు ఖాళీ సీసాతో గుమ్మంలో నిలబడి, "సార్, మా నాయన అర లీటరు తెమ్మన్నాడు" అన్నాడు. పొద్దున వాడికి ఎక్కాలు చెప్పింది మేమే. మొహమాటపడి పోసి పంపాం. ఆ మాట దాచం.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని వచ్చే ఏడాదికి నాలుగు మాటలు అనుకున్నాం. ఒకటి, వేల్పుకు, పెళ్లికి, దినాలకు తప్ప కాయం, అమ్మం. రెండు, కుండలో పువ్వు, నీళ్లే. నల్లబెల్లం, పటిక వెయ్యం. మూడు, పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టం, ఊడుస్తాం. నిప్పుకు ఇప్ప మొలకలు చస్తున్నాయి. నాలుగు, సగం పువ్వు లడ్డూలకు ఎండబెడతాం.

మత్తు అమ్మకాన్ని, వాడకాన్ని కట్టడి చేసే అధికారం గ్రామసభకూ ఉండాలని 1996 పెసా చట్టం చెబుతోంది. సభలో నోరు విప్పేముందు మన కుండ మనం చూసుకోవాలి కదా.

మార్చిలో మళ్లీ పువ్వు రాలుతుంది. ఆ పిల్లవాడు సీసాతో వస్తే లడ్డూ చేతిలో పెడతాం. వాళ్ల నాయనకు మేమే వెళ్లి చెబుతాం.