నేను పక్కనుంటే అది అరవదు

ఇంటర్ చదువుతున్న మా పెద్దదానికి ఈ మధ్యే తెలిసిన వింత ఏమిటంటే, వాళ్లమ్మ పెళ్లికి ముందు ఐరన్ మెయిడెన్ బ్యాండ్‌ను ఎదురుగా చూసిందని. "నువ్వా?" అని నన్ను పైనుంచి కిందకి చూసింది. అప్పుడు నా ఒళ్లో గోంగూర కట్టలున్నాయి. దాని తప్పేం లేదు.

2007 మార్చి 17, శనివారం. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్. ఉద్యోగంలో చేరి నాకప్పటికి ఏడాది కూడా కాలేదు. పీజీలో నా రూమ్మేట్ షిల్లాంగ్ అమ్మాయి. మా ఇంట్లో పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వినిపించినట్టు, వాళ్లింట్లో రాక్ పాటలు వినిపించేవట. ఆ పిల్ల పుణ్యమా అని మూడు టికెట్లు కొన్నాం.

ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న, "అంటే మన చవితి పందిట్లో ఆర్కెస్ట్రా లాంటిదా?" అన్నారు. "అలాంటిదే నాన్నా, కాస్త గోల ఎక్కువ" అన్నాను. అమ్మ ఫోన్ లాక్కుని ఒక్కటే అడిగింది: "రాత్రి ఎలా తిరిగొస్తారు?"

మొదట స్టీవ్ హారిస్ కూతురు లారెన్ పాడింది. 1975లో లండన్లో ఆ బ్యాండ్ పెట్టిన బేస్ గిటారిస్టే ఈ స్టీవ్ హారిస్. ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ కూడా వాయించింది. వాళ్లలో వయొలిన్ ఉంటుంది. చిన్నప్పుడు నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నదాన్ని కదా, ఆ కమాను అంత వేగంగా కదలొచ్చని ఆ రోజే చూశాను. మా మాస్టారు చూస్తే ఏమనేవారో!

చీకటి పడ్డాక అసలువాళ్లు వచ్చారు. ముగ్గురు గిటారిస్టులు. పాడే బ్రూస్ డికిన్సన్ విమానాలు నడిపే పైలట్ కూడానట. స్టేజీ మీద ఒక్క క్షణం నిలబడలేదు. ఎడ్డీ అని వాళ్లకో అస్థిపంజరం బొమ్మ ఉంది, మన జాతరలో పోతురాజు వచ్చినట్టు అది రాగానే జనం ఊగిపోయారు. డ్రమ్ములు, బేస్ గిటారు చెవులకి కాదు, పక్కటెముకలకి వినిపించాయి. పాటల్లో సగం మాటలు నాకు అర్థం కాలేదు. అయినా అరిచాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను.

గట్టిగా నవ్వితే "ఏంటా నవ్వు?" అనిపించుకుంటూ పెరిగినదాన్ని నేను. అన్ని వేలమంది మధ్య అరుస్తుంటే ఒక్కరు కూడా తిరిగి చూడలేదు. నాకు ఆ రాత్రి మిగిల్చింది అదీ.

అంతా బాగుందని మాత్రం చెప్పను. గుంపులో ఒకడి మోచెయ్యి రెండుసార్లు కావాలనే తగిలింది. ముగ్గురం చేతులు పట్టుకుని పక్కకి, కాస్త వెలుతురున్న చోటికి వెళ్లిపోయాం. మూడోసారి తగిలేదాకా ఆగలేదు. మిగతా షో అక్కడి నుంచే చూశాం, ఆనందం ఏమీ తగ్గలేదు. తిరిగి రావడానికి ముందే మాట్లాడి ఉంచిన టాక్సీ ఎక్కాం. మర్నాడు మధ్యాహ్నం దాకా చెవులు గుయ్‌మంటూనే ఉన్నాయి.

పెళ్లయ్యాక అలాంటి వాటికి వెళ్లలేదు. ఎవరూ వద్దనలేదు. పిల్లలు, పరీక్షలు, అత్తయ్య మోకాళ్లు... ఏళ్లు అలా వెళ్లిపోయాయి.

2025 జనవరి 26న అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే షో హాట్‌స్టార్‌లో లైవ్ వచ్చింది. ఇంటిల్లిపాదీ చూశాం. స్టేడియం అంతా చేతులకి కట్టుకున్న పట్టీలు రంగురంగులుగా వెలుగుతుంటే అత్తయ్య "మిణుగురు పురుగుల్లా ఉన్నారే" అని ముచ్చటపడ్డారు. తర్వాత తన చిన్నతనం చెప్పారు. పక్కూళ్లో నాజర్ బుర్రకథ అంటే బండి కట్టించుకుని, చాపలు పట్టుకుని వెళ్లేవాళ్లట. "రేడియోలోనూ విన్నాననుకో. కానీ ఎదురుగా కూర్చుంటే ఆయన తంబుర పట్టి అడుగేసినప్పుడల్లా దుమ్ము లేచి మా మొహాన పడేది. అది రేడియోలో ఎక్కడొస్తుంది?" అన్నారు.

ఆవిడ ఆ మాట అన్నదే తడవుగా మా పెద్దది అసలు సంగతి బయటపెట్టింది. వచ్చే నెల మన ఊళ్లోనే ఒక బ్యాండ్ వాయిస్తోందట. ముగ్గురు స్నేహితురాళ్లతో వెళ్లాలట.

"ఇప్పుడేగా టీవీలో చూశాం" అన్నారు మా ఆయన.

అత్తయ్య నా వైపు తిరిగి, "రాత్రి ఇంటికి ఎవరు తీసుకొస్తారో తేల్చుకుని పంపించు, అమ్మాయ్" అన్నారు. అచ్చం మా అమ్మ అడిగిన ప్రశ్నే! వాళ్లెవరూ వెళ్లొద్దని అనలేదు చూడండి. తిరిగొచ్చే దారి గురించే అడిగారు.

రెండు రోజులు ఆలోచించాను. ఆ మోచెయ్యి గుర్తొచ్చింది. ఆ అరుపూ గుర్తొచ్చింది. ఒకదానికి భయపడి రెండోది దానికి లేకుండా చేయడం నాకు న్యాయంగా తోచలేదు. పంపిస్తున్నాను. నలుగురూ ఒక్కచోటే ఉండాలి. తప్పిపోతే కలుసుకునే గుర్తు లోపలికి వెళ్లగానే చూసుకోవాలి. స్పీకర్ల పక్కన నిలబడకూడదు, చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ కొనిచ్చాను. ఎవడైనా తాకితే మొహమాటపడకుండా వెంటనే చోటు మారాలి, గట్టిగా అరవాలి, గార్డును పిలవాలి. ఫోన్ నిండా ఛార్జింగ్ ఉండాలి.

"నువ్వూ లోపలికి రామ్మా" అంది జాలిపడి. రానన్నాను. నేను పక్కనుంటే అది అరవదు. నా వైపు చూసి, అడిగి, అప్పుడు అరుస్తుంది. అది అరవడం కాదు.

కారు పార్కింగులో పెట్టుకుని కూర్చుంటాను. ఫ్లాస్కులో టీ, మా ఆయన తోడు. గోడ అవతల నుంచి బేస్ గిటారు ఎలాగూ వినిపిస్తుంది.