ఎవరి చేతి పలక?

గృహమున నొక క్రొత్త వస్తువు ప్రవేశింపబోవునపుడు రెండు ప్రశ్నలు పుట్టుచుండును. వస్తువు మంచిదేనా యనునది మొదటిది. మనకు కావలసినదేనా యనునది రెండవది. మొదటి ప్రశ్నకు దుకాణదారుడు చాలినంత సమాధానము చెప్పును. రెండవదానికి ఇంటివారే సమాధానము చెప్పుకొనవలెను. అయినను మన యిండ్లలో మొదటి ప్రశ్నమీద నెలదినములు చర్చ జరుగును. రెండవదానికి నిమిషమైనను దొరకదు. ఇటీవల మా యింట టాబ్లెట్టు కొనవలయునా వలదా యని జరిగిన యాలోచనలో మాకు తోచిన సంగతులు కొన్ని కలవు. అవి ఇతర గృహస్థులకును పనికివచ్చునని యిచట వ్రాయుచున్నాము.

టాబ్లెట్టనగా మా పెద్దలకు మందుల మాత్రయే. ఆంగ్లమున నా మాటకు వ్రాతపలక యను నర్థమును కలదు. ఓనమాలు పలకమీద దిద్దుకొన్న జాతి గనుక మేము దానిని పలక యనియే వ్యవహరింతుము. ఈ పలకను తొలుత ఊహించినవారి యుద్దేశమును చదువే. 1972లో అలన్ కే యను అమెరికా శాస్త్రజ్ఞుడు, అన్ని వయస్సుల పిల్లలకు పనికివచ్చునట్టి, పుస్తకమంత కంప్యూటరును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. పిల్లలు దానియందు చదువుటయే గాక, వ్రాయవలెననియు, బొమ్మలు గీయవలెననియు, తామే క్రొత్తవానిని కల్పింపవలెననియు ఆయన కోరిక. 2010లో ఐప్యాడు అమ్మకమునకు వచ్చిన పిమ్మట ఆ యాకారము లోకమునకు పరిచితమైనది.

మన దేశమున 2011 అక్టోబరు 5వ తేదీన కేంద్రప్రభుత్వము విద్యార్థులకొరకు ఆకాశ్ అను చౌకపలకను ఆవిష్కరించెను. దాని ధర విని అందరును ఆశ్చర్యపడిరి. కాని గట్టిగా నొక్కిననే గాని పలుకని తెర, మందగతిగల ప్రాసెసరు, త్వరగా నీరసించు బ్యాటరీ దానికి ప్రతిబంధకములైనవి. ధర తక్కువైనంత మాత్రమున వస్తువు విలువగలది కాదని అప్పుడు తెలిసినది. ఆంధ్రప్రదేశమున 2022 డిసెంబరు 21వ తేదీన ఎనిమిదవ తరగతి పిల్లలకును ఉపాధ్యాయులకును పలకలను ఉచితముగ పంచు కార్యక్రమము ఆరంభమైనది. వాని సంఖ్య 5 లక్షలకు పైబడినది. ప్రభుత్వమెంత పంచినను పలకను ఇంటి గుమ్మమువరకే చేర్చగలదు. సాయంకాలమున అది ఎవరి చేతిలో నుండవలెనో నిర్ణయించునది గృహమే.

ఇక మా గృహము సంగతి. మా వదినగారి వయస్సు నలువదిరెండేండ్లు. ఇంటర్మీడియట్ ముగియుటతోనే వివాహమై చదువు నిలిచిపోయినది. కుమారుడు ఇంజనీరింగులో చేరిన పిమ్మట ఆమె హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమున బి.ఏ. తరగతిలో చేరినారు. 1982లో ఏర్పడిన ఆ సంస్థ ఈ దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. నడుమ చదువు తెగిపోయినవారికి ఆ త్రాడు మరల ముడివేయుటయే అట్టి సంస్థల పని. అచ్చుపుస్తకములు చేతికి వచ్చినవి. కాని వానికి తోడు దృశ్యపాఠములు, పాత ప్రశ్నపత్రములు, పీడీఎఫ్ రూపమునగల గ్రంథములు చూడవలసియున్నది. అవి యన్నియు వదినగారు తమ ఫోనులోనే చూచుచుండిరి.

ఫోనులో చదువుటయందలి యిబ్బందిని కొలిచి చూచితిమి. ఏ4 కాగితము వెడల్పు 21 సెంటీమీటర్లు. ఫోను తెర వెడల్పు 7 సెంటీమీటర్లకు లోపు. పుటను తెరకు సరిపెట్టినచో అక్షరము మూడవవంతు పరిమాణమునకు దిగిపోవును. ఆంగ్లాక్షరములు ఎట్లో కనబడును గాని, మన యొత్తులును గుడులును చీమలబారులగును. పెద్దవి చేసినచో వాక్యము తెరదాటి పోవును. ప్రతి పంక్తికిని కుడియెడమలకు జరుపవలెను. 11 అంగుళముల పలకను నిలువుగ పట్టుకొన్నచో వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు వచ్చును. అప్పుడు పుట మొత్తము ఒక్కచూపున చదువవచ్చును.

మేమీ లెక్క చెప్పి పలక కొందమంటిమి. అన్నగారు, "ముందు మొదటి సంవత్సరం పాసవనీ, తర్వాత చూద్దాం" అనిరి. కుమారుడు, "ఎలాగూ కొంటున్నప్పుడు ఇంకో ఇరవైవేలు పోసి కలంతో వచ్చేదే కొందాం బాబాయ్, నాకూ పనికొస్తుంది" అనెను. వదినగారు మాత్రము వంటగదినుండియే, "నాకెందుకయ్యా అంత డబ్బు! ఫోనులోనే సర్దుకుంటాను" అనిరి.

ఈ మూడు మాటలను మేము కొంత విమర్శించి చూచితిమి. 2023లో ప్రపంచకప్పు క్రికెట్టు పోటీలు జరిగినపుడు మా యింటికి 55 అంగుళముల టెలివిజను వచ్చినది. దాని ధర మేము తలపెట్టిన పలకకు రెండింతలకంటె నెక్కువ. దానిని కొనునపుడు ఏ పరీక్ష ప్యాసగునని ఎవ్వరును అడుగలేదు; వినోదము తన యర్హతను నిరూపించుకొనవలసిన పనిలేకుండ లోనికి వచ్చినది. గృహిణి చదువు మాత్రము ముందు ఫలితము చూపి తరువాత పరికరము నడుగవలెనట! అన్నగారు కఠినులు కారు. ఆమె చదువునకు రుసుము కట్టినవారు వారే. కాని ఇంటిలో ఎవరి యవసరము అవసరమో, ఎవరి యవసరము ముచ్చటయో నిర్ణయించు నొక పాత తూకము మన యందరి మనస్సులలోను కలదు. ఆ తూకమున స్త్రీ తనంతట తానే తేలికపళ్లెమున కూర్చుండును. "సర్దుకుంటాను" అను మాట మన భాషలో స్త్రీలు పలికినంతగా పురుషులు పలుకరు.

ఇది మా యింటి మాట మాత్రమే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో తాము స్వయముగ వాడుకొను ఫోను గలవారు నూటికి 54 మంది మాత్రమే. ఉన్నవారి ఫోనైనను ఎంతవరకు వారిదో చూడవలెను. మా వదినగారి ఫోనులో గ్యాసు బుకింగు, పాల లెక్క, మా అమ్మగారి వైద్యుని పిలుపు, బంధువుల యోగక్షేమములు, కుమారుని ఫోను చార్జింగులో నున్నపుడు వాని స్నేహితుల మాటలు కూడ నడచును.

వాదమువలన తేలదని యొక యుపాయము చేసితిమి. "వదినా, పదునాలుగు రోజులు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఏ రోజు చదువు ఆగింది, ఎందుకాగింది, అంతే" అంటిమి. ఆమె వ్రాసినారు. పదునాలుగు దినములలో తొమ్మిది దినములు చదువు నడుమ నిలిచినది. నాలుగు దినములు ఫోను ఇతరుల చేతిలో నున్నది. మూడు దినములు కన్నులు నొచ్చి మానినారు. రెండు దినములు ఫోనులో చోటు చాలక పాఠము దిగలేదు. తీరికలేక మానిన దినమొక్కటియు లేదు. ఆ పట్టికను తామే మరల చదువుకొని వదినగారు, "ఇన్ని రోజులు పోయాయా!" అనిరి. ఆ మాటతో "సర్దుకుంటాను" అను మాట మరల వినబడలేదు. అన్నగారును ఆ పుట చూచి ఊరకుండిరి. మరునాడు ఎంతలో దొరకునో కనుగొనుమని మమ్ము కోరిరి.

కొనుట నిశ్చయమైన తరువాత మంచిచెడ్డలు చూచుట సులభమైనది. ఇంటిలో 2017 నాటి పాతపలక కలదు. బ్యాటరీ మార్చినచో చదువుటకు పనికివచ్చును గాని, దాని సాఫ్ట్‌వేరు పాతబడినందున పాఠముల యాప్ దానిలో ఎక్కదు. కనుక అది చాలదు. ఎక్కువ ధరగల పలకలకు కలము, కీబోర్డు, సినిమాకు తగిన తెర కలవు. నోటుపుస్తకములో వ్రాసిన కష్టములలో నొక్కదానికిని అవి మందు కావు. మిక్కిలి చౌకవి రెండేండ్లలో నెమ్మదించును. కనుక నడిమితరగతిది, 11 అంగుళములది, 18,000 రూపాయలలో చూచితిమి.

దుకాణమున వాయిదాలకు వడ్డీయే లేదనిరి. వడ్డీలేని అప్పు అనునదే లేదని రిజర్వుబ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టపరచియున్నది. ఆ వడ్డీ రుసుము రూపమునగాని, తగ్గింపు కోల్పోవుట రూపమునగాని ఎక్కడనో దాగియుండును. ఒకేసారి చెల్లించినచో ఎంత తగ్గింతురని యడిగితిమి; కొంత తగ్గించిరి.

ఆయుర్దాయమును గూర్చియు అడిగితిమి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలగుచున్న నియమముల ప్రకారము, పలక బ్యాటరీ 800 పర్యాయములు పూర్తిగ నింపి వాడిన తరువాతకూడ తొలిశక్తిలో నూటికి 80 పాళ్లు నిలుపుకొనవలెను. ఆ నమూనా విపణినుండి తొలగిన పిమ్మట కనీసము 5 ఏండ్లు సాఫ్ట్‌వేరు నవీకరణలును, 7 ఏండ్లు ముఖ్యమైన విడిభాగములును లభింపవలెను. మన యూరి దుకాణములలోను ఇవే ప్రశ్నలు అడుగుట మంచిది: ఎన్ని యేండ్లు నవీకరణ వచ్చును? బ్యాటరీ ఎచట మార్తురు? ఎంతకు మార్తురు? నాలుగేండ్లు పనిచేసినచో 18,000 రూపాయల పలకకు దినమునకు సుమారు 12 రూపాయలు పడును. అది చదివిన దినములకు చౌక. బీరువాలో నుండిన దినములకు దుబారా.

వదినగారే దుకాణమునకు వచ్చి రెండింటిని చేతబట్టి బరువు చూచుకొని ఒకటి యెన్నుకొనిరి. రసీదు వారి పేరనే వ్రాయించితిమి. తాళపు సంఖ్య వారే పెట్టుకొనిరి. మొదటి రాత్రియే అన్నగారు వార్తలు చూతమని, "నంబరెంత?" అని యడిగిరి. "అడిగితే పలక ఇస్తాను. నంబరు ఇవ్వను" అని వదినగారు నవ్విరి. అన్నగారును నవ్విరి. పాతపలకకు బ్యాటరీ మార్పించి, మా అమ్మగారు హరికథలు వినుటకు ఇచ్చితిమి. అదియు నిజముగ చెడిపోయినపుడు చెత్తబుట్టలో పడవేయక, 2023 ఏప్రిలునుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిబంధనల ననుసరించి నమోదైన రీసైక్లింగు సంస్థలకు అప్పగింపవలెను.

ప్రతి గృహమువారును పలక కొనవలెనని మేము చెప్పము. అచ్చుపుస్తకములతోనే పని జరుగువారికి అది యనావశ్యకము. మంచి ఫోను, వెలుతురుగల గది, నిరాటంకమైన గంటసేపు ఉన్నవారికిని తొందరలేదు. మేము కోరునది వేరు. ఏ పరికరము కొనబోయినను పదునాలుగు దినములు నోటుపుస్తకము పెట్టి, అది లేనందున ఎవరి పని ఆగుచున్నదో వ్రాసి చూడుడు. వ్రాయు కలమును మాత్రము ఇంటిలో తక్కువగ అడుగువారి చేతికిండు. ఎక్కువగ అడుగువారి యవసరములు ఎట్లును మనకు తెలియుచునే యుండును.

వదినగారి పరీక్షల ఫలితములు ఇంకను వెలువడలేదు. అవి యెట్లున్నను ఆ పలక కొనుట తగినదా కాదా యను ప్రశ్న మా యింట మరల లేవదు. టెలివిజనును ఏ ఫలితమును అడుగని యింటిలో పలకను అడుగుట న్యాయము కాదు. అది వచ్చిన మొదటి మాసమున ఆమె చదువు నిలిచిన దినములు రెండు. ఆ రెండు దినములును ఇంట చుట్టములుండిరి. ఆ కష్టమునకు ఏ దుకాణమునందును పరికరము దొరకదు. చుట్టములు వచ్చిన దినమున అన్నము వార్చుటకు మరియొకరు లేవవలెను.