ఆంధ్రా పారిస్‌లో వైన్ ఏదీ?

తెనాలికి ‘ఆంధ్రా పారిస్’ అని పేరు. ఊరి మధ్య నుంచి పారే మూడు కాలువలూ, నాటకాలూ, కళాకారులూ... అన్నీ కలిసి ఆ పేరును స్థిరం చేసేశాయి. సరే, పారిస్ అన్నాక వైన్ ఉండాలిగా! మరి ఈ పారిస్ వైన్ ఏది? ఆ ప్రశ్నతోనే రేపల్లె రైలెక్కాం.

ముందు అసలు సంగతి. ఫ్రాన్స్‌లో ఎర్ర వైన్ అనగానే గుర్తొచ్చే పేరు బోర్డో. రెండు నదులు కలిసి సముద్రంలోకి వెళ్లేచోట ఉంటుందా సీమ. అక్కడి మెడాక్‌లో గులకరాళ్ల నేల. మరో పంట పెద్దగా పండని ఆ నేలలో ద్రాక్షతీగ వేళ్లను లోతుకి దించుతుంది. నల్లద్రాక్షను తొక్కతో సహా పులియబెడతారు. ఆ రంగూ, చిక్కదనం, నాలుకను పట్టే వగరూ అన్నీ తొక్క చలవే. తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లో నెలల తరబడి, సీసాల్లో ఏళ్ల తరబడి నిద్ర. 1855లో పారిస్ ప్రదర్శన కోసం ఈ వైన్లకు ర్యాంకులిచ్చారు. ఆ జాబితా నేటికీ దాదాపు అలాగే ఉంది.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా అదే 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. తెనాలి కాలువలకు నీళ్లొచ్చాయి. చేలన్నీ వరి మయమయ్యాయి.

వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో పట్టాలు ఆగిపోతాయి. అక్కణ్నుంచి రోడ్డెక్కి తీరం వెంబడి బాపట్ల వైపు వస్తుంటే నేల రంగు మారుతుంది. నల్లమట్టి పోయి ఇసుక. వరి పోయి జీడిమామిడి, సరుగుడు... వాటి నెత్తిన తాడిచెట్లు! నది ముగిసే చోట, వరి పండని నేలలో... అచ్చం బోర్డో లెక్కే. ఇంకేం, ఈ పారిస్ వైన్ దొరికినట్టే!

తెల్లవారుజామున మోకు నడుముకి బిగించి గీత కార్మికుడు చెట్టెక్కుతాడు. గెల కొసను పల్చగా చెక్కి కుండ కడతాడు. చుక్కచుక్కగా దిగేది తియ్యటి నీరా. కుండలో సున్నం రాస్తే ఆ తీపి నిలుస్తుంది, కాచితే తాటిబెల్లం అవుతుంది. సున్నం లేకపోతే గంటల్లోనే పులిసి కల్లవుతుంది. బోర్డో వైన్ ఏళ్లు గడిచేకొద్దీ రుచి తేలుతుంది. కల్లు పొద్దున దింపితే సాయంత్రానికే పులుపెక్కిపోతుంది. అందుకే దానికి సీసా లేదు, చీటీ లేదు, ఊరు దాటిన పేరూ లేదు.

పేరు లేకపోయినా ఓ ప్రభుత్వాన్ని దించింది మాత్రం ఇదే! మద్యనిషేధంతో కల్లుగీత ఆగిపోయి బతుకు పోయిన కార్మికుల కోసం గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. ఆ నిషేధం గొడవలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. ఒక్క ఓటు తేడాతో!

సూర్యలంక దారిలో చెట్టు దిగిన పెద్దాయన్ని అడిగాం. ‘మీ అబ్బాయి కూడా ఎక్కుతాడా బాబాయ్?’

ఆయన మోకు చుట్టుకుంటూ నవ్వాడు. ‘వాడు ఎక్కకూడదనే గదా బాబూ, నేనింకా ఎక్కుతుంది!’

కాదనలేం. కాలు జారితే నడుం విరుగుతుంది, లేదా ప్రాణమే పోతుంది. కానీ ఎక్కేవాడు లేని చెట్టు యజమానికి బరువే. గొడ్డలి దెబ్బకి పడి ఇటుకబట్టీకి చేరుతుంది. మళ్లీ నాటితే గెల వేయడానికి పన్నెండేళ్ల పైమాటే. చెట్టు పోతే పోయేది కల్లొక్కటేనా? వేసవిలో పిల్లల చేతుల్లో ముంజలు, వానల్లో తాటిపండు, చలికాలంలో తేగలు... అన్నీ పోతాయి.

బోర్డోలో సీసా మీద తోట పేరు రాస్తారు, కాబట్టి తోట మిగిలింది. మన తాడిచెట్టుకి అలా రాసుకునే చోటు లేదు. ఈసారి బాపట్ల వెళితే ఆగి, తలెత్తి ఓసారి చూడండి. ముంజలు కొన్నప్పుడు బేరం మాత్రం ఆడకండి!